పసుపు లైటు చెప్పింది ఒకటి, ప్లగ్గులు చెప్పింది ఇంకొకటి

ఇంజిన్ లైటు మొదటిసారి వెలిగిన రోజున బండిలో నాకు ఏ తేడా తెలియలేదు. పికప్ తగ్గలేదు, కుదుపు లేదు, కాలిన వాసన లేదు. మల్కాజిగిరిలోని ఇంటి నుంచి బేగంపేటలోని ఆఫీసుకు బయలుదేరి, మెట్టుగూడ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉండగా డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ కనిపించింది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు అది వస్తూ పోతూ, నా జేబుకు చిల్లు పెడుతూ, నాచారం నుంచి కుషాయిగూడ దాకా రకరకాల గ్యారేజీల ప్లాస్టిక్ కుర్చీల్లో నన్ను కూర్చోబెట్టింది.

కారు 2018లో కొన్నది. బీఎస్-4 అనే పొగ ప్రమాణానికి తయారైన పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. సర్వీసు ఏనాడూ వాయిదా వేయలేదు. నా ఉద్యోగం లెక్కలు తనిఖీ చేయడం. ఎవరైనా ఖర్చు రాస్తే వోచరు ఏదని అడగడమే నా పని. ఈ లైటు వ్యవహారంలో ఖర్చు కన్నా నాకు ఎక్కువ కోపం తెప్పించింది, ఏ ఖర్చుకూ వోచరు లేకపోవడం. ఫలానా భాగం పోయిందని అందరూ చెప్పారు. పోయిందని ఎలా తెలిసిందని అడిగితే స్కానర్ వైపు చూపించారు.

ముందు కారుతో ఇచ్చిన మాన్యువల్ తీసి చదివాను. ఆయిల్ ప్రెషర్‌దో ఇంజిన్ వేడిదో ఎర్ర లైటు వెలిగితే వెంటనే పక్కకు ఆపాలి. పసుపు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలిగితే నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లి చూపించుకోవచ్చు. అదే బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉంటే మిస్సింగ్, అంటే సిలిండర్లలో పెట్రోలు సరిగా మండకపోవడం, తీవ్రంగా ఉందని అర్థం. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి అక్కడ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది కనుక బండి ఆపడం మంచిది. నాది నిలకడగానే ఉంది. ఆ వారాంతంలో షోరూముకు తీసుకెళ్లాను.

అక్కడ సర్వీస్ అడ్వైజర్ స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో స్కానర్ పెట్టాడు. టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. "పీ0171 వచ్చింది మేడమ్. ఆక్సిజన్ సెన్సర్ పోయింది" అన్నాడు. సెన్సర్, లేబర్, పన్నులు కలిపి దాదాపు ఏడు వేలు. "సెన్సర్‌ను విడిగా పరీక్షించారా?" అని అడిగితే, "కోడ్ వచ్చింది కదా మేడమ్" అన్నాడు. కోడ్ చెరిపేసి, లైటు ఆరిన డాష్‌బోర్డు చూపించి తాళం చేతికిచ్చాడు. మైలేజీ తగ్గిందనీ, పొద్దున స్టార్ట్ చేసిన కాసేపు ఇంజిన్ దగ్గర టిక్కుటిక్కుమని చప్పుడు వస్తోందనీ జాబ్ కార్డులో రాయించాను. చప్పుడు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లదనీ, అది మామూలేననీ చెప్పాడు. ఇంజెక్టర్లు టిక్కుమనే మాట నిజమే. కానీ పొద్దున మాత్రమే ఎందుకు టిక్కుమంటాయన్నది అతను అడగలేదు. అప్పటికి బండి మధ్యాహ్నపు ఎండలో వేడెక్కి ఉంది, చప్పుడు లేదు.

కొన్నాళ్లకే లైటు మళ్లీ వచ్చింది.

అప్పుడు కూర్చుని ఈ కోడ్ల సంగతి చదివాను. కార్లలో ఈ స్వయం పరీక్షా వ్యవస్థ పొగ నియంత్రణ కోసం పుట్టింది. అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లకూ దీని రెండో తరమైన ఓబీడీ-2 తప్పనిసరి అయింది. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి. కోడ్‌లో మొదటి అక్షరం పీ అయితే ఇంజిన్, గేర్‌బాక్సుల వైపు. బీ అయితే బాడీ. సీ అయితే బ్రేకులు, స్టీరింగ్ ఉండే చాసిస్. యూ అయితే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు. రెండో స్థానంలో సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం. ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్, దాని అర్థం ఆ కంపెనీ పట్టికలోనే వెతకాలి.

పీ0171 అంటే గాలి వంతు ఎక్కువైంది, పెట్రోలు వంతు తక్కువైంది అని. అంతే. సెన్సర్ చెడిపోయిందన్న మాట అందులో లేదు. సెన్సర్‌కు వేరే కోడ్లున్నాయి. పీ0130 నుంచి వరుసగా ఉన్నవి దానివే. పైగా పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి, పెట్రోలు తక్కువైందన్న సంగతి కారు కంప్యూటర్‌కు చెప్పింది ఆ సెన్సరే. చెప్పినవాడినే పట్టుకుని తీసేశారు. మా ఆఫీసులో ట్రయల్ బ్యాలెన్సు కలవకపోతే, ఎక్కడో తప్పుందని తెలుస్తుంది. ఏ వోచరులో ఉందో అది చెప్పదు. కోడ్ కూడా అంత వరకే. ఆ తర్వాత చేయాల్సిన వెతుకులాటను షోరూములో ఎవరూ చేయలేదు.

రెండోసారి నాచారం పారిశ్రామికవాడ దగ్గరి ఒక గ్యారేజీకి వెళ్లాను. అక్కడి కుర్రవాడు స్కానర్ కూడా పెట్టలేదు. పానా తీసి బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, కాసేపాగి బిగించాడు. లైటు పోయింది. "చూశారా మేడమ్, ఏమీ లేదు" అన్నాడు. అతను డబ్బు కూడా తీసుకోలేదు, కనుక తిట్టడానికి నోరు రాలేదు. కానీ అతను చేసింది షోరూము చేసినదానికన్నా వేరేమీ కాదు. లోపం పట్టుబడిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ ఒక చిత్రంలా దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. వేగం ఎంత, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, కూలెంట్ ఎంత వేడిగా ఉంది, అన్నీ అందులో ఉంటాయి. కోడ్ చెరిపితే అది కూడా చెరిగిపోతుంది. సాక్ష్యం కాల్చేసి కేసు మూసినట్టు ప్రకటించే పద్ధతి ఇది.

చెరిపిన లైటు వెంటనే ఎందుకు రాదో కూడా అప్పుడే తెలిసింది. ఇలాంటి లోపాల్లో చాలావాటిని కంప్యూటర్ ఒక్కసారి చూసి నమ్మదు. వరుసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే లైటు వేస్తుంది. మూడు ప్రయాణాల్లో కనబడకపోతే తనంతట తానే ఆర్పేస్తుంది. ఆర్పినా కోడ్‌ను మాత్రం వెంటనే మరిచిపోదు. ఇంజిన్ నలభై సార్లు చల్లబడి వేడెక్కేదాకా దాచుకుంటుంది. నా లైటు సెలవుల్లో మాయమై, ఆఫీసు రోజుల్లో తిరిగి రావడానికి కారణం ఇక్కడే ఉందని లీలగా అనిపించింది. సెలవు రోజున మేం బయలుదేరితే యాదగిరిగుట్ట దాకా ఆగకుండా పోతాం. ఆఫీసు రోజున మెట్టుగూడ, చిలకలగూడ, ప్యాట్నీ, ప్యారడైజ్, ప్రతిచోటా ఆగుతాం.

మళ్లీ వచ్చినప్పుడు అదే గ్యారేజీ పెద్దాయన స్వయంగా చూశాడు. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాడు, స్పార్క్ ప్లగ్గులు మార్చాడు. మార్చిన వస్తువును అడిగి ఇంటికి తెచ్చుకోవడం నాకు అలవాటు. ఆ ప్లగ్గులు నల్లగా, వేలితో రుద్దితే మసి అంటుకునేలా ఉన్నాయి. "ఇదంతా కొత్త పెట్రోలు మహిమ మేడమ్, ఇథనాల్ కలుపుతున్నారు కదా" అన్నాడు. పక్కనే పంక్చరు వేయించుకుంటున్న ఆయన కూడా వంత పాడాడు. ఈ మధ్య హైదరాబాద్‌లో ఏ బండికి ఏ జబ్బు వచ్చినా ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు మీదే తోసేయడం పరిపాటి అయింది.

దానిలో కొంత నిజం ఉంది కాబట్టే అది అంత సులువుగా అమ్ముడుపోతుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 కిలోలు చాలు. అంటే అదే గాలికి పెట్రోలు మరికాస్త పోయాలి. పది శాతం ఇథనాల్ నుంచి ఇరవైకి మారినప్పుడు కంప్యూటర్ నాలుగైదు శాతం ఎక్కువ పోసుకుంటే సరిపోతుంది. ఆ మేరకు మైలేజీ తగ్గుతుంది. 2018 నాటి నా బండిని ఈ20 కోసం తయారు చేయలేదు, రబ్బరు గొట్టాల గురించి నాకూ బెంగ ఉంది. కానీ నాలుగైదు శాతానికి లైటు వెలగదు. ట్యాంకులో ఉన్న పెట్రోలు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండదు కూడా.

ఆ నల్లటి ప్లగ్గులు మాత్రం నన్ను వదల్లేదు. పెట్రోలు తక్కువైతే ప్లగ్గు తెల్లబారాలి. మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువైనట్టు. కంప్యూటర్ తక్కువ అంటోంది, ప్లగ్గులు ఎక్కువ అంటున్నాయి. రెండు పద్దుల్లో ఒకటి తప్పు. ఈ మాట నాచారం పెద్దాయనతో అంటే, "పాతబడితే అలాగే అవుతాయి" అన్నాడు.

మూడో మజిలీ అన్ని కంపెనీల కార్లూ చూసే ఒక పెద్ద గ్యారేజీ. అద్దాల గది, ఏసీ, కాఫీ యంత్రం, చేతిలో టాబ్లెట్ అంత స్కానర్. ఈసారి పీ0171తోపాటు పీ0420 కూడా వచ్చింది. దానితో కలిపి కంపెనీ సొంత కోడ్ ఒకటి. ఆ మూడోదాని వివరణలో నా బండిలో లేనే లేని భాగం పేరు ఉంది. స్కానర్‌లో వేరే కంపెనీ పట్టిక తెరిచి ఉన్నట్టుంది. అది చూపిస్తే, "దాన్ని వదిలేయండి మేడమ్" అన్నారు. మూడింటిలో ఏది వదిలేయాలో, ఏది నమ్మాలో వాళ్లు ఎలా నిర్ణయించారో అర్థం కాలేదు. నమ్మమన్నది పీ0420ని. క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలట. అంచనా కాగితం మీద అంకె యాభై వేలు దాటింది. ఆ డబ్బాలో ప్లాటినం, పలాడియం, రోడియం లాంటి లోహాల పూత ఉంటుంది, ధర అందుకే.

పీ0420 అంటే కన్వర్టర్ పని సామర్థ్యం తగ్గినట్టు కనబడుతోందని. కన్వర్టర్‌కు ముందొక సెన్సర్, తర్వాతొక సెన్సర్ ఉంటాయి. రెండింటి కొలతలూ ఒకేలా ఊగుతుంటే మధ్యలోని డబ్బా పని చేయడం లేదని కంప్యూటర్ అనుకుంటుంది. ఆ గొట్టంలోకి బయటి గాలి ఎక్కడైనా దూరినా కొలతలు తారుమారవుతాయి. నేను అక్కడి నుంచి నేరుగా పెట్రోలు బంకు దగ్గరి పొల్యూషన్ వ్యానుకు పోయి పొగ పరీక్ష చేయించాను. పాసైంది. బీఎస్-4 పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.3 శాతం. నా బండి అందులో చాలా కింద ఉంది. చచ్చిపోయిన కన్వర్టర్‌తో అది కష్టం. ఆ కాగితం ఫొటో గ్యారేజీకి పంపితే, "ఆ వ్యాను వాళ్లను నమ్మలేం మేడమ్" అని జవాబు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ వాళ్ల స్కానర్‌ను నమ్మడానికి అంతకన్నా గొప్ప కారణం నాకు కనిపించలేదు.

మా అక్క కొడుకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఈ గోడు ఒక ఆదివారం అన్నం దగ్గర చెబితే, "పిన్నీ, ఆ స్కానర్ మనమే కొనుక్కోవచ్చు. వెయ్యి రూపాయలు కూడా కాదు" అన్నాడు. అగ్గిపెట్టెంత బ్లూటూత్ పరికరం తెప్పించాడు. ఈఎల్ఎం327 అనే చిప్‌కు నకలు అది. నకలు కనుక దాని తిక్క దానికుంది. నడుస్తూ నడుస్తూ ఫోనుతో సంబంధం తెంచుకుంటుంది, ఒక్కోసారి అర్థం లేని అంకెలు చూపిస్తుంది. కానీ ఎవరినీ బతిమాలకుండా, మెకానిక్ మొహం చూడకుండా నా బండి ఏమంటోందో నేనే చదవగలిగాను. యూట్యూబులో పెట్రోలు ట్యాంకు మూత గట్టిగా బిగించమని సలహా చెప్పే వీడియోలు కోకొల్లలు. అవి అమెరికా కార్లకు. అక్కడ ట్యాంకు ఆవిరి లీకును కూడా కంప్యూటర్ పరీక్షించాలి. నా బండిలో ఆ పరీక్షే లేదని యాప్‌లో స్పష్టంగా కనబడింది. ఆ మూతను ఎన్ని తిప్పులు తిప్పినా నా లైటుకు పట్టదు.

నేను చూసిన అంకెల్లో అసలైనది ఫ్యూయల్ ట్రిమ్. కంప్యూటర్ తన లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలుకు ఎంత కలుపుతోందో, ఎంత కోస్తోందో శాతాల్లో చెబుతుంది. సున్నాకు అటూ ఇటూ ఐదారు ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. ఇరవై అయిదు దరిదాపుల్లోకి పోతే ఇక నా వల్ల కాదని లైటు వేస్తుంది. పొద్దున సెల్లారులో స్టార్ట్ చేసి కాసేపు ఉంచితే నా బండిలో అది ఇరవై దాటుతోంది. యాక్సిలరేటర్ తొక్కి 2,500 చుట్లకు తీసుకెళితే ఏడెనిమిదికి దిగుతోంది. సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వచ్చాక, ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత చూస్తే నాలుగు. రోజూ ఇదే వరస. ఒక పుస్తకంలో పొద్దున, సాయంత్రం అని గళ్లు గీసి రాసుకున్నాను.

ఈసారి లైటు వెలిగినప్పుడు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీశాను. వేగం సున్నా. ఇంజిన్ 790 చుట్లు. కూలెంట్ 71 డిగ్రీలు. మామూలుగా తొంభై దగ్గర ఉండాలి. అంటే బండి ఆగి ఉంది, ఇంకా పూర్తిగా వేడెక్కలేదు.

ఆగి ఉన్నప్పుడు ఎక్కువ, రేస్ చేస్తే తక్కువ అన్న లక్షణం చూస్తే ఇన్‌టేక్ వైపు, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో, ఎక్కడో గొట్టం చిట్లి, కొలతకు అందని గాలి లోపలికి పోతోందని అందరూ అనుమానిస్తారు. నేనూ అలాగే అనుకుని, పొగ యంత్రం ఉన్న గ్యారేజీని వెతికి పట్టుకున్నాను. ఇన్‌టేక్ గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడి నుంచి బయటికి వస్తుందో చూస్తారు. ఎక్కడి నుంచీ రాలేదు. ఆ గ్యారేజీవాళ్లు ఒక్క మంచి పని చేశారు. లీకు లేదని నిజం చెప్పి, ఏదీ మార్చకుండా పంపారు. అయినా ఆ సాయంత్రం ఇంటికి వస్తూ కారు అమ్మేద్దామా అని ఆలోచించిన మాట వాస్తవం.

మా ఆఫీసు డ్రైవర్ చెబితే కుషాయిగూడ వెళ్లాను. రేకుల షెడ్డు, రెండు బండ్లు పట్టే చోటు, కాఫీ యంత్రం లేదు. ఆయన మర్యాదగా ఏమీ మాట్లాడలేదు. నేను పుస్తకం తీసి అంకెలు చెప్పడం మొదలుపెడితే సగంలో ఆపి, "చప్పుడేమైనా ఉందా?" అన్నారు. పొద్దున ఉంటుందని చెప్పాను. "అయితే ఇప్పుడు చూసి లాభం లేదు. రాత్రికి బండి ఇక్కడే ఉంచండి. పొద్దున నేనే స్టార్ట్ చేస్తాను. చూడటానికి పన్నెండు వందలు. దొరికినా అంతే, దొరకకపోయినా అంతే" అన్నారు.

నేను అక్కడ ఆటో కోసం చూస్తుండగానే ఇంకొకాయన వచ్చి, "వట్టిగా చూసినందుకే డబ్బులా?" అని ఆయనతో గొడవ పెట్టుకుని బండి తిప్పుకుని పోయాడు. నాకు అన్నీ అక్కడ అర్థమైనట్టనిపించింది. మన ఊళ్లో చూడటం ఉచితం. సామాను మాత్రం అమ్మకానికి ఉంది. షోరూములో ఆ అడ్వైజర్ గంటసేపు వెతికి చిట్లిన గొట్టం పట్టుకుంటే బిల్లులో రాయడానికి వరుస లేదు. సెన్సర్ అమ్మితే ఉంది. అతని తెలివితేటల మీద నాకు ఫిర్యాదు లేదు. వెతికే పనికి ధర లేని చోట ఎవరూ వెతకరు. లెక్కలు చూసి జీతం తీసుకునే నాకు ఆ పన్నెండు వందలు ఎక్కువనిపించలేదు. నేను అంతకు ముందే పెట్టిన డబ్బులో అది ఏ మూలకు?

మర్నాడు పొద్దున ఏడింటికే నేను అక్కడున్నాను. ఆయన బానెట్ ఎత్తి ఉంచి స్టార్ట్ చేశారు. టిక్కుటిక్కు మొదలైంది. మొదట ఇంజెక్టర్ సీలు అనుకుని అక్కడ సబ్బునీళ్లు చల్లారు. బుడగ రాలేదు. ఇంజిన్ ఆపేసి, సిలిండర్ల పొగను సైలెన్సర్ గొట్టంలోకి చేర్చే మ్యానిఫోల్డ్ మీది వేడి రేకు విప్పారు. చివరి సిలిండర్ దగ్గర, ఇంజిన్‌కూ మ్యానిఫోల్డ్‌కూ మధ్య అతుకులో సన్నటి నల్లటి చార. వెనుక సైలెన్సర్ గొట్టంలోకి బ్లోయర్‌తో గాలి కొట్టమని కుర్రవాడికి చెప్పి, ఆ చార మీద సబ్బునీళ్లు చల్లారు. బుడగలు వరుసగా పొంగాయి. చేయి లోపలికి పెట్టి తడిమి, "స్టడ్డు విరిగింది. నట్టు ఊరికే కూర్చుని ఉంది" అన్నారు. స్టడ్డు అంటే మ్యానిఫోల్డ్‌ను ఇంజిన్‌కు పట్టి ఉంచే మరమేకు. ఆ అతుకులో సందు లేకుండా మూసే గ్యాస్కెట్ ఒక మూల కాలిపోయింది.

ఇప్పుడు లెక్క మొత్తం కలిసింది. ఇంజిన్ నుంచి పొగ తరంగాలుగా బయటికి వస్తుంది. రెండు తరంగాల మధ్య క్షణకాలం గొట్టంలో ఒత్తిడి బయటికన్నా తగ్గుతుంది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరి, కొద్ది దూరంలోనే ఉన్న ఆక్సిజన్ సెన్సర్‌కు తగులుతుంది. సెన్సర్ నిజమే చెబుతుంది, ఆక్సిజన్ ఎక్కువగా ఉందని. పెట్రోలు చాలడం లేదని కంప్యూటర్ భ్రమపడి మరింత పోస్తుంది. ప్లగ్గులు నల్లబడ్డాయి, మైలేజీ పడిపోయింది. కన్వర్టర్ కొలతలు చెడి పీ0420 వచ్చింది. ఇంజిన్ బాగా వేడెక్కితే లోహం వ్యాకోచించి సందు చాలా వరకు మూసుకుపోతుంది. చప్పుడు ఆగుతుంది, అంకెలు దిగుతాయి, పొగ పరీక్ష పాసవుతుంది. వేగంగా తిరిగేటప్పుడు పొగ ఎక్కువ కనుక దూరే గాలి వంతు తక్కువ. ఇన్‌టేక్ లీకులాగే కనబడటం అందుకే. పొగ యంత్రం పెట్టింది ఇన్‌టేక్‌కు, లీకు రెండో వైపు. ప్రతి గ్యారేజీకీ బండి వేడెక్కిన తర్వాతే చేరింది కనుక ఎవరికీ ఆ చప్పుడు వినబడలేదు. జాబ్ కార్డులో మాత్రం మొదటి రోజు నుంచీ రాసే ఉంది.

గ్యాస్కెట్ ఆ చుట్టుపక్కల దొరక్క రాణిగంజ్ వెళ్లాను. దుకాణంలో చాసిస్ నంబరు అడిగి, నాలుగు వందల యాభై తీసుకుని ఇచ్చారు. స్టడ్డుదే అసలు తంటా. ఇంజిన్ హెడ్‌లో మిగిలిన ముక్క బయటికి రాకపోతే హెడ్ విప్పి లేత్ పనికి పంపాలని ఆయన ముందే హెచ్చరించారు. ఆ ముక్క మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, అది ఎర్రగా కాలి చల్లారాక, పానాతో పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు ఆడిస్తూ మధ్యాహ్నం దాకా కష్టపడ్డారు. రెండుసార్లు వెల్డింగ్ ఊడింది. ఆయన ఎవరినో తిట్టారు, బహుశా స్టడ్డునే. మూడోసారి ముక్క కదిలింది. కొత్త స్టడ్లు, కొత్త నట్లు, గ్యాస్కెట్. చూసినందుకు పన్నెండు వందలు, పనికి మూడు వేలు, చిల్లర సామానుకు మూడు వందలు. అన్నీ విడివిడిగా ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. సంతకం కూడా పెట్టారు.

ఆ సాయంత్రమే కోడ్లు చెరిపాను. చెరపగానే కంప్యూటర్ తన పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి. ఏవి పూర్తయ్యాయో యాప్‌లో కనబడుతుంది. ఆ వారమంతా చూస్తూ ఉన్నాను. కన్వర్టర్ పరీక్ష అన్నిటికన్నా చివర, ఘట్‌కేసర్ దాకా ఆగకుండా ఒకసారి పోయి వచ్చాక పూర్తయింది. పాస్. పొద్దుటి అంకె ఇప్పుడు మూడు, నాలుగు దాటడం లేదు. పదకొండుకు పడిపోయిన మైలేజీ మళ్లీ పద్నాలుగు దాటింది. ఇథనాల్ తినేది ఇథనాల్ తింటూనే ఉంది, అంతకన్నా పైకి రాదనుకుంటాను.

మొదట తీసేసిన పాత ఆక్సిజన్ సెన్సర్ నా దగ్గరే ఉంది. కుషాయిగూడలో దాన్ని మళ్లీ బిగించి చూశాం. శుభ్రంగా పనిచేస్తోంది. వోల్టేజీ 0.1 నుంచి 0.9 దాకా చురుగ్గా ఊగుతోంది. ఆ వీడియో, జాబ్ కార్డు నకలు జతచేసి, పోని భాగం పోయిందని అమ్మినందుకు డబ్బు తిరిగి ఇవ్వమని షోరూముకు రాశాను. ఒకసారి బిగించిన విద్యుత్ భాగాలు వాపసు తీసుకోరని జవాబు వచ్చింది. వాపసు తీసుకోమని నేను అడగలేదు, పాతది చెడిపోయిందని మీరు చేసిన పరీక్ష కాగితం పంపమన్నానని మళ్లీ రాశాను. దానికి జవాబు లేదు. వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించిన తర్వాత మేనేజరు స్వయంగా మాట్లాడారు. తదుపరి సర్వీసులో లేబర్ మీద పదిహేను శాతం తగ్గింపు ఇస్తామన్నారు. ఒద్దని చెప్పి, పరీక్ష కాగితమే అడిగాను. వెతికి పంపుతామన్నారు.